మట్టి అంటని చేతులు

పోయిన వారం మనం బెర్మెత్‌ను పరంజా మీద వదిలేసి వచ్చాం. చేతిలో ఇనుప చువ్వ, తలకు కట్టుకున్న రుమాలు నిండా సిమెంటు, కళ్ళు మాత్రం ఊరి మలుపు మీద. అక్కడ దుమ్ము రేపుకుంటూ ఒక తెల్ల కారు వస్తోంది. సాయంత్రం రావలసిన కారు, మధ్యాహ్నమైనా కాకముందే వచ్చేస్తోంది. పాపం ఆ పిల్ల వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఇక ఆలస్యం చేయడం న్యాయం కాదు.

మధ్యలో వచ్చి కలిసిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. బెర్మెత్ కొచ్కోర్ లోయలో ఒక ఊరి కోడలు. బిష్కెక్‌లో భవన నిర్మాణ నిర్వహణలో మాస్టర్స్ చదువుతోంది. చలికాలంలో వచ్చిన భూకంపానికి అత్తగారు సోనున్ ఇల్లు నిలువునా చీలిపోయింది. అప్పటినుంచి ఆవిడ పెరట్లోని ఇనుప డబ్బా గదిలో కాపురం చేస్తోంది. మంచు పడేలోగా కొత్త ఇల్లు లేవాలి. ఆ ఊళ్ళో ఇళ్ళు అషార్ మీదే లేస్తాయి. కబురు పెడితే ఊరంతా కదిలి వస్తుంది, కూలి అడిగేవాడుండడు, పిలిచినవాళ్ళు కడుపునిండా పెడతారు, అంతే. బెర్మెత్ ఆ అషార్‌నే తన థీసిస్‌గా తీసుకుంది. ఎవరు ఎప్పుడు ఏ పని అందుకోవాలో బాణాలతో, గళ్ళతో ఒక పెద్ద పటం గీసి పాత ఇంటి గోడకు అంటించింది.

గైడు శార్షెన్ అగాయ్‌కు ఈ వ్యవహారం మొదటినుంచీ రుచించలేదు. అక్కడ మాస్టారిని అగాయ్ అంటారు. "అషార్ నిర్వహణ కాదమ్మా, పెళ్ళి. పెళ్ళికి పటం గీసినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు" అన్నాడు. ఆఖరికి ఒక్క షరతు మీద దిగివచ్చాడు. గోడలన్నిటి నెత్తిన, ఇంటి నడుముకు దట్టీ బిగించినట్టు చుట్టూ కాంక్రీటు బెల్టు పోస్తారు. భూమి కదిలినప్పుడు గోడలు దేని దారి అది చూసుకోకుండా పట్టి ఉంచేది అదే. ఆ బెల్టు ఒక్కరోజులో, మధ్యలో ఆగకుండా, ఎక్కడా అతుకు పడకుండా పోయిస్తే సంతకం పెడతానన్నాడు. లేదంటే థీసిస్‌కు వేరే విషయం వెతుక్కోవాలి, ఇంకో ఏడాది చదవాలి. మళ్ళీ ఏడాది బిష్కెక్ పంపడం ఆ ఇంటివల్ల అయ్యే పని కాదని బెర్మెత్‌కు తెలుసు. అంటే చదువు అక్కడితో సరి.

ఇప్పుడు మళ్ళీ పరంజా మీదికి వెళదాం.

"వచ్చేశారొచ్చేశారు!" అని గేటు దగ్గర ఎవరో కేకేశారు. పొద్దున్నుంచి బకెట్లు చేతులు మారుతున్న వరుస ఆ ఒక్క కేకతో తెగిపోయింది. మిక్సర్ ఆగిపోయింది. దాని రొదకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం దెబ్బలా తగిలింది.

బెర్మెత్ కిందికి వంగి మొగుణ్ణి పిలిచింది. "ఎర్మెక్! ఎందుకాపావ్?"

ఎర్మెక్ అప్పటికే చేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. "అతిథొచ్చాడు కదే! ఇంటి కొడుకుని, గేటు దగ్గర నేను లేకపోతే ఏం బావుంటుంది?"

"మాలు బిగుసుకుపోతుంది! ఎండ చూడు, గాలి చూడు."

"రెండే రెండు నిమిషాలు. ఇలా పలకరించి అలా వచ్చేస్తా."

ఆ ఊళ్ళో గేటు దగ్గర పలకరింపు రెండు నిమిషాల్లో తెమిలిన దాఖలా లేదు. పిల్లలెలా ఉన్నారు, గొర్రెలెలా ఉన్నాయి, దారెలా ఉంది అని అడగాలి. జవాబులన్నీ విన్నాక పిల్లలెలా ఉన్నారని మళ్ళీ అడగాలి. ఆ పని కోసం వరుసలో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే పారలు గోడకు ఆనించి గేటువైపు నడిచారు. అందరికన్నా ముందు ఊరి పెద్ద ఎసెన్ తాత, తెల్ల టోపీ సర్దుకుంటూ, నెలరోజులుగా ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నవాడిలా నడిచాడు.

బెర్మెత్ తన పటంవైపు చూసింది. వాన పడితే ఏం చెయ్యాలో అందులో ఉంది. కరెంటు పోతే ఏం చెయ్యాలో ఉంది. ఎసెన్ తాత పని మధ్యలో ఉపన్యాసం ఎత్తుకుంటే ఆయన చేతికి టీ గిన్నె ఎవరందించాలో కూడా ఉంది. అతిథి మాత్రం లేడు. అగాయ్ వస్తాడని ఆమెకు తెలుసు, కానీ మార్కులు వేసే మనిషిగానే వస్తాడనుకుంది. ఆ గేటు దాటగానే ఆయన అతిథి అయిపోతాడని తట్టలేదు. ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి వచ్చినవాళ్ళకల్లా టీలు పోస్తున్న పిల్లకు ఈ మాత్రం తట్టకపోవడం విచిత్రమే. అయితే పటం గీస్తున్నంతసేపూ ఆమె ఇంజనీరు, కోడలు కాదు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

మూడు గోడల మీద బెల్టు పూర్తయింది. తూర్పు మూల తిరిగి నాలుగో గోడ మీద జానెడు నడిచి, అక్కడ నాలుక చాపినట్టు ఆగిపోయింది. ఆ కొస ఆరిపోకుండా బెర్మెత్ తడి గోనెలు కప్పింది. గోనెలతో కాస్త వ్యవధి దొరుకుతుందే గానీ, భోజనం ముగిసేదాకా అది చాలదు.

భోజనం సంగతి ముందే మాట్లాడుకున్నారు. పొద్దున్నుంచి రొట్టెముక్కలు, టీ వరుసలోకే వస్తున్నాయి. గొర్రె పెద్ద కడాయిలో ఉడుకుతోంది. బెల్టు కలిశాకే మాంసం, అంతవరకు మూత తియ్యకూడదు. ఈ ఒప్పందానికి అత్తగారు తలూపింది, ఆడవాళ్ళంతా తలూపారు. తెల్ల కారు తలుపు తెరుచుకోగానే ఆ తలలన్నీ మాట మరిచిపోయాయి. కడాయి మూత తీశారు. పెరట్లో కంబళ్ళు పరిచేశారు. మాంసం కోసే చప్పుడు పరంజా మీదికి వినిపించింది. ఒక్కసారి కూర్చున్నారంటే పెద్దల వరుస ప్రకారం ముక్కలు పంచాలి, తినాలి, పులుసు తాగాలి, దీవెన చెప్పాలి. దీవెన చెప్పనిదే ఎవరూ లేవరు. అప్పటికి తూర్పు మూల రాయి అయిపోతుంది.

బెర్మెత్ నిచ్చెన దిగేసరికి సోనున్ ఎదురొచ్చింది. ఇవాళ పండగ రుమాలు కట్టుకుంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఒక చేత్తో గోరువెచ్చని నీళ్ళ కూజా, ఇంకో చేత్తో పళ్ళెం, భుజం మీద తెల్ల తువ్వాలు.

"ఎక్కడున్నావే? ఆయన నిలబడే ఉన్నాడు. పద, చేతులకి నీళ్ళు పొయ్యి."

"ఆపా, బెల్టు కలిశాక అనుకున్నాం కదా." అక్కడ అమ్మనైనా అత్తగారినైనా ఆపా అనే పిలుస్తారు.

"అనుకున్నాం. అతిథిని నిలబెడతామని కూడా అనుకున్నామా?"

"మూల ఎండిపోతోందాపా. అక్కడ అతుకు పడితే ఇల్లంతా పోసీ లాభం లేదు."

"ఇల్లు నాది. డబ్బాలో పడుకుంటున్నది నేను. ఆ తొందర నీకంటే నాకే ఎక్కువ" అంది సోనున్. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. "కానీ బిష్కెక్ నించి నా కోడలి మాస్టారొస్తే, చెయ్యి కడుక్కోడానికి నీళ్ళివ్వలేదని ఊరంతా చెప్పుకోవాలా? నీ మొహం చూసే ఇస్తాడమ్మా ఆ సంతకం. కడుపునిండా పెడితే ఎవరు కాదంటారు? పొయ్యి."

కూజా, పళ్ళెం కోడలి చేతుల్లో పెట్టింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం అతిథి చేతులకు నీళ్ళు పోయవలసింది చిన్నకోడలే. ఇంకెవరు పోసినా అమర్యాద.

శార్షెన్ అగాయ్ కంబళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి, ఇస్త్రీ కోటు, మెరిసే బూట్లు. చుట్టూ ఊరంతా నిలబడే ఉంది. ఆయన చేతులు కడుక్కుని పైవరుసలో కూర్చుంటే గాని ఇంకొకరు కూర్చోవడానికి లేదు. కళ్ళు మాత్రం అందరివీ పళ్ళేల మీదే ఉన్నాయి. పొద్దుటినుంచి బకెట్లు మోసినవాళ్ళు, ఆకలి వేయదా మరి!

అగాయ్ చేతులు చాచాడు. బెర్మెత్ కింద పళ్ళెం పట్టింది. కూజా వంచాలి. అంతే పని.

ఆమె చూపు ఆ చేతుల మీద ఆగింది. తెల్లగా, మెత్తగా, గోళ్ళు శుభ్రంగా ఉన్న చేతులు. నీటిబొట్టు ఆ చేతుల మీద పడితే భోజనం మొదలైనట్టే. అతిథి కూర్చోనంతవరకు ఎవరూ కూర్చోరు. ఎవరూ కూర్చోనంతవరకు... ఆమెకు దారి కనిపించింది. కూజా నిటారుగానే పట్టుకుంది.

"పొయ్యవేం?" అని వెనకనుంచి అత్తగారు గుసగుసలాడింది.

"అగాయ్" అంది బెర్మెత్. "అగాయ్, మీ చేతులకింకా మట్టి అంటలేదు. కడగడానికేముంది?"

సోనున్ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

అగాయ్ చేతులు వెనక్కి తీసుకోలేదు. అలాగే చాచి ఉంచి, శిష్యురాలిని కనుబొమల కిందినుంచి చూశాడు. "ఏమన్నావమ్మా? మళ్ళీ చెప్పు. ఈ మధ్య చెవులు సరిగా పనిచెయ్యట్లేదు."

"మీ చెవులు బాగానే ఉన్నాయగాయ్. తరగతిలో వెనకబెంచీ గుసగుసలు కూడా వింటారు." ఇక మొదలుపెట్టాక ఆగలేకపోయింది. "మీరు కూర్చుంటే అందరూ కూర్చుంటారు. దీవెనయ్యేదాకా లేవరు. తూర్పు మూల అప్పటికి పోతుంది. మీరు నిలబడితే ఎవరూ కూర్చోరు. ఊరికే నిలబడమని చెప్పలేను, అది ఇంకా అమర్యాద. అందుకని..."

"అందుకని?"

"వరుసలో నిలబడండి. బకెట్లందుకోండి."

"నిన్న కాక మొన్న వచ్చిన కోడలు పిల్ల" అని ఎసెన్ తాత ఆకాశానికి ఫిర్యాదు చేశాడు. "మొన్న నా చేతికి టీ గిన్నిచ్చి నోరు మూయించింది. ఇవాళ ప్రొఫెసర్ చేతికి బకెట్టిస్తానంటోంది. రేపు ముల్లాగారి చేతికి తాపీ ఇస్తుంది కాబోలు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. అగాయ్ మాత్రం నవ్వలేదు.

"నీ పటంలో నేనెక్కడున్నాను?" అని అడిగాడు.

పరీక్ష హాల్లో అడిగినట్టే అడిగాడు. బెర్మెత్ తల దించుకుంది. "లేరగాయ్. వానకి చోటిచ్చాను, మీకివ్వలేదు. తప్పు నాదే."

"ఎందుకు ముందొచ్చాననుకుంటున్నావు? మా డ్రైవరు తొందరపడ్డాడనా?"

ఆమె తలెత్తి చూసింది.

"అషార్ మీద థీసిస్ రాసే మనిషి అతిథిని మర్చిపోయిందని నీ పటం మొదటిసారి చూసినప్పుడే అనుకున్నాను. చెప్పచ్చు. చెబితే ఒక గడి గీసేస్తావు, అంతే కదా? గడి గీయడం ఎవరికైనా వచ్చు. అతిథి నిజంగా గుమ్మంలోకొచ్చి నిలబడితే ఏం చేస్తావో చూద్దామనొచ్చాను." ఆయన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. "సరే. మర్చిపోయావు. ఇప్పుడెక్కడ పెడతావు నన్ను?"

బెర్మెత్ కూజా కింద పెట్టింది. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆమెకే తెలియలేదు. "పరంజా కింద. ఎసెన్ తాతకీ ఎర్మెక్‌కీ మధ్య. అక్కడ ఎత్తు తక్కువ, నడుం వంగక్కర్లేదు."

"నా నడుం సంగతి నీకెందుకు? నా వయసులో..." అంటూ కోటు ఎర్మెక్ చేతిలో పడేసి, మెరిసే బూట్లతో సరాసరి ఇసకలోకి నడిచాడు.

ఇక చూడాలి ఆ పెరడు! అతిథి పనిలోకి దిగాక ఊరికే నిలబడే మొహం ఎవరికుంటుంది? ఎసెన్ తాత కంబళి అంచు దాటి పరిగెత్తినంత పని చేశాడు. మిక్సర్ మళ్ళీ గొణగడం మొదలుపెట్టింది. సోనున్ ఒక్క నిమిషం కదలకుండా నిలబడింది. ఆ తర్వాత కోసిన మాంసం మొత్తం ఎత్తి మళ్ళీ కడాయిలో వేసి ఠపీమని మూత పెట్టింది.

"ఇంకాస్త ఉడకనీండి. పళ్ళు లేనివాళ్ళకి సుఖం" అని, రుమాలు ముడి బిగించి, కోడలి పక్కనుంచి వెళుతూ ఆగింది. "నా పరువు నిలువునా తీశావు కదే."

"ఆపా..."

"మాట్లాడకు. నీళ్ళెవరు మోస్తున్నారు? ఆ బకెట్టిటివ్వు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంటి దట్టీ వంకరొచ్చిందో, నీ సంగతప్పుడు చెప్తా."

బెర్మెత్‌కు అత్తగారిని అక్కడికక్కడే కౌగిలించుకోవాలనిపించింది. చేతుల నిండా సిమెంటు ఉందని ఊరుకుంది.

పరంజా ఎక్కి గోనెలు తీసింది. తూర్పు మూల కొస మీద రంగు మారడం మొదలైంది. చువ్వ తీసుకుని గుచ్చింది. దిగింది, కానీ పొద్దున దిగినంత సులువుగా దిగలేదు. నేతిలోకి దిగాల్సింది ఉండలు కట్టిన పిండిలోకి దిగినట్టుంది. కొత్త మాలు పోయించి, పాతదీ కొత్తదీ కలిసేలా వైబ్రేటరు పెట్టి, మళ్ళీ చువ్వతో కుమ్మింది. కలిసిందనే అనిపించింది. అయినా మనసులో ముల్లు మిగిలిపోయింది.

కాసేపటికి అగాయ్ కూడా నిచ్చెనెక్కి అక్కడికే వచ్చాడు. ఎర్మెక్ టోపీ పెట్టుకున్నాడు, మీసాల మీద సిమెంటు. బెర్మెత్ చేతిలో చువ్వ అందుకుని ఆ మూల దగ్గరే, ఒకే చోట, మూడుసార్లు గుచ్చాడు. ఆయన చువ్వ తిరిగిచ్చేసి, "మీ తాత బకెట్ సగమే నింపుతున్నాడు. దొంగ" అని దిగిపోయాడు. మూల గురించి ఒక్క మాట అనలేదు.

పొద్దు కొండ అంచుకు ఆనుతుండగా బెల్టు మొదలైన చోటే వచ్చి కలిసింది. ఆఖరి బకెట్ అందుకోవడానికి ఊరంతా ఎగబడింది. చివరకు దాన్ని సోనున్ చేతికిచ్చి పైకెక్కించారు. ఆవిడ మాలు కుమ్మరించి, అరచేత్తో ఒకసారి దువ్వి, ఇంకెవరికీ వినపడకుండా ఏదో అనుకుంది. కిందికి దిగాక కళ్ళు తుడుచుకుంటుంటే మొహమంతా బూడిదరంగైంది.

అప్పుడు బెర్మెత్ కూజా తెచ్చింది. శార్షెన్ అగాయ్ చాచిన చేతులు ఇప్పుడు మోచేతుల దాకా బూడిదరంగులో ఉన్నాయి. ఒక వేలికి దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టింది. ఆమె నీళ్ళు పోసింది. కూజా మొత్తం అయిపోయింది.

"ఇప్పుడు కడగడానికేమన్నా ఉందా?" అన్నాడాయన.

"ఇంకో కూజా తెస్తానగాయ్."

అందరూ కూర్చున్నారు. గొర్రె తల అతిథి ముందు పెట్టారు. ఆయన కత్తి తీసుకుని ఒక చెవి కోసి, చుట్టూ చూసి, పిల్లలందరినీ వదిలేసి బెర్మెత్‌ను పిలిచాడు. "చెవి చిన్నపిల్లలకిస్తారు, పెద్దల మాట వినాలని. ఇవాళ నువ్వు ఎవరి మాటా వినలేదు. కాబట్టి ఇది నీకే." పెరడు గొల్లుమంది. బెర్మెత్ సిగ్గుపడుతూ రెండు చేతులూ పట్టి అందుకుంది. సంతకం పడ్డట్టేనని ఆ క్షణంలో ఆమెకు అనిపించింది.

దీవెన అయింది. కారు తిప్పారు. అగాయ్ కోటు తొడుక్కుంటూ ఆమెను గేటు పక్కకు పిలిచాడు.

"నీ థీసిస్ మీద నేను సంతకం పెట్టలేనమ్మా."

"మూల గురించా అగాయ్? కలిసింది, నేను మళ్ళీ..."

"మూల గురించి కాదు. నన్ను వరుసలో పెట్టింది నువ్వే కదా? అషార్‌లో బకెట్ అందుకున్నవాడు ఆ ఇంటివాడైపోతాడు. రేపు ఈ ఇల్లు కదిలిందంటే నా ఇల్లు కదిలినట్టే. నా ఇంటికి నేనే మార్కులేసుకుంటే నవ్వరా? ఇంకో మనిషి చూడాలి. కఠినంగా చూడాలి." ఆయన చూపు తప్పించాడు. "మా డిపార్టుమెంటులో అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు."

ఎవరో చెప్పనక్కర్లేదు. కాంక్రీటు ల్యాబు అధిపతి జూరా ఎజెకె, అంటే జూరా మేడమ్. శార్షెన్ అగాయ్ భార్య. రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే ఇంట్లోంచి వచ్చి, ఒకే ఇంటికి వెళ్తూ, ఒక్క మాట మాట్లాడుకోరు. కారణం సిమెంటు అని కొందరు, ఇనుము అని కొందరు విద్యార్థులు పందేలు కాస్తారు. బెర్మెత్‌కు మాత్రం ఆ పేరు వింటేనే భయం. ప్రవేశ పరీక్ష ఇంటర్వ్యూలో ఆవిడ అడిగిన ప్రశ్నలకు బెర్మెత్ అందరి ముందూ ఏడ్చేసింది. అప్పుడు పక్కనే కూర్చున్న అగాయ్ మాట్లాడకుండా ఒక గ్లాసు మంచినీళ్ళు ఆమె ముందుకు జరిపాడు. ఆ గ్లాసు నీళ్ళ కోసమే ఆమె ఆయన్ను గైడుగా కోరుకుంది. జూరా ఎజెకె గది ముందునుంచి పోవాల్సి వస్తే ఇప్పటికీ మెట్లు దిగి చుట్టు తిరిగి వెళ్తుంది.

"ఆవిడ ఒప్పుకోరగాయ్. ఆ రోజు నన్ను గెంటేయాలనే చూశారు."

అగాయ్ జవాబు చెప్పకుండా సోనున్‌ను పిలిచాడు. "వదినా, ఇంటికి తీసుకెళ్ళడానికి కాస్త మాంసం కట్టివ్వు. ఇంట్లో ఒక మనిషుంది."

సోనున్ మొహం వెలిగిపోయింది. మంచి ముక్కలు ఏరి, రొట్టె పెట్టి, మూట కట్టి తెచ్చింది. ఆయన ఆ మూట అందుకుని బెర్మెత్ చేతుల్లో పెట్టాడు.

"సోమవారం ఆవిడ గదికి నువ్వు తీసుకెళ్ళు. నా చేత్తో ఇస్తే తీసుకోదు."

"నేనిస్తే మాత్రం..."

"నువ్విస్తేనే తీసుకుంటుంది. ఆ రోజు నిన్ను ఏడిపించింది ఆవిడే. ఎంత గట్టిగా అడిగినా లేచిపోని పిల్లవని నాకు చూపించడానికి అడిగింది. నేను వద్దన్నాను. ఊరి కోడలు, మధ్యలో మానేస్తుంది, సీటు వృథా అన్నాను. ఎలాగూ నిన్ను చేర్చుకోబోమని తెలిసే జాలిపడి నీళ్ళిచ్చాను." ఆయన కారు తలుపు తెరిచాడు. "నీళ్ళిచ్చింది నేనే. సీటిచ్చింది మాత్రం ఆవిడ. 'మీ ఇంటికొచ్చి చదువుకున్నప్పుడు నేనూ కోడలినే కదా' అంది. ఆ సాయంత్రం నించి ఇంట్లో నాకు టీ ఉంది, మాట లేదు."

బెర్మెత్ మూటను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. రెండేళ్ళుగా తాను భయపడ్డ మనిషి ఒకరు, చేతులెత్తి మొక్కిన మనిషి ఇంకొకరు. ఆ ఇద్దరి మధ్య మాట తెగింది తన సీటు దగ్గర. తనకేమీ తెలియదు. అడుగుదామని నోరు తెరిచేలోపు కారు కదిలిపోయింది. చేతుల్లో మూట ఇంకా వెచ్చగా ఉంది.

దుమ్ము సద్దుమణగక ముందే జేబులో ఫోను మోగింది. తెలియని నంబరు.

"బెర్మెత్‌వేనా? జూరాని."

ఆ గొంతు ఆమె మరిచిపోలేదు. తెలియకుండానే నిటారుగా నిలబడింది. "నేనే, ఎజెకె."

"బెల్టు కలిసిందా?"

"మీకెలా..."

"నీ పటం నకలు రెండు నెలలుగా మా వంటింటి బల్ల మీదుంది. మా ఇంట్లో మాటల్లేవు గానీ నాకు కళ్ళున్నాయి. అందులో అతిథి లేడు. ఆయన ముందే వస్తాడని నాకు తెలుసు. పని ఆగిందా?"

"ఆగింది, ఎజెకె."

"ఎక్కడ?"

పరంజా మీద తూర్పు మూల చీకట్లోకి జారుకుంటోంది. అందరూ కలిసిందనే చెప్పుకుంటున్నారు. అగాయ్ ఒక్క మాట అనలేదు. తాను కూడా అనకపోతే చాలు. బెర్మెత్ మూటను గుండెలకు హత్తుకుంది.

"తూర్పు మూల. మళ్ళీ కుమ్మాను, కలిసిందనే అనిపించింది. కానీ అనుమానంగానే ఉంది, ఎజెకె. అక్కడ అతుకు పడి ఉండొచ్చు."

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడైంది.

"బెల్టుకు బిగించిన పక్క పలకలు విప్పకు" అంది జూరా ఎజెకె. "రేపు పొద్దున వస్తున్నాను. నా ముందే విప్పాలి. అతుకుంటే నేనే కొట్టించేస్తాను, నీ మొహం చూసి ఊరుకోను. ఆయనకి చెప్పకు."

"అలాగే, ఎజెకె."

ఫోను పెట్టేస్తుందనుకుంది. పెట్టలేదు. ఊపిరి వినిపిస్తోంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతు ఇంటర్వ్యూ రోజు విన్న గొంతులా లేదు.

"ఆ మొండి మనిషి... ఏమన్నా తిన్నాడా?"